బొజ్జన్నకొండ మీద విమానాలు, ఒక జపాన్ ముసుగు

మునగపాక హైస్కూల్లో లెక్కలు చెప్పే నాకు చిన్నప్పట్నుంచీ విమానాల పిచ్చి. 2007 చలికాలంలో, ఇంటర్నెట్‌లో పరిచయమైన విమానాల అభిమానులు నలుగురు అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద కలుస్తున్నారని తెలిసి, ఒక ఆదివారం బయల్దేరాను. వాళ్లందరూ మగవాళ్లే. కాస్త బెరుకుగానే ఉంది.

ఆరున్నరకి బస్సెక్కితే ఏడింటికి అనకాపల్లి. అక్కణ్ణుంచి కొండ కిందికి ఆటో నలభై రూపాయలు.

"ఇంత పొద్దుటే కొండమీదేటమ్మా?" అన్నాడు డ్రైవరు.

"విమానాలు చూడ్డానికి."

"మంచిదేనమ్మా, నాకూ సూడాలనుంటాది," అన్నాడు.

మెట్లెక్కితే పైన ఆ నలుగురూ, కింద చెరకు తోటలు, మంచు. విశాఖలో దిగే విమానాలు ఉత్తరం పక్కగా, చక్రాలు దించుకుంటూ పోతాయి. మొదటిది ఎనిమిదింటికి వచ్చింది. అందరం కేకలు పెట్టాం. నా బెరుకు పోయింది.

తర్వాత, వాళ్లలో ఓడలో పనిచేసే శ్రీను సంచిలోంచి ఒక ముసుగు తీశాడు. రెండు కొమ్ములు, బంగారు కళ్లు, చెవుల దాకా చీలిన నోరు.

"జపానుది. హన్యా అంటారు. అసూయతో రాక్షసైపోయిన ఆడది. అచ్చం మా ఆవిడే! కొండకెళ్తానంటే ఇలాగే కొమ్ములొచ్చేత్తాయి."

మగవాళ్లంతా పగలబడి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. వెళ్లిపోదామనిపించింది. కానీ ఆగి అడిగాను:

"మీ ఆవిణ్ణి ఎప్పుడైనా ఇక్కడికి తీసుకొచ్చారా?"

అక్కడ కొండమీద ఉడకబెట్టిన వేరుసెనగలు అమ్మే నీలమ్మ ముసుగు అందుకుని కాస్త కిందికి వంచింది.

"కోపం కాదు బాబూ. ఇలా వంచితే ఏడుత్తన్నట్టుంది, సూడు."

నిజమే. వంచగానే అదే మొహంలో దుఃఖం కనిపించింది.

శ్రీను ముసుగు తీసుకుని తనూ అలాగే వంచి చూశాడు. "వత్తానని అడిగింది మేడం. విసుగొత్తాదని నేనే వద్దన్నాను," అన్నాడు మెల్లగా.

తర్వాతి నెల ఆయన భార్య లక్ష్మి వచ్చింది. మాకెవరికీ వినపడకముందే ఆమెకి మోత వినిపించింది. "అదిగో, సక్రాలు దించుతన్నాది!" అని అరిచింది. పక్కనే శ్రీను ఆకాశాన్ని వదిలేసి ఆమెనే చూస్తున్నాడు.

ఆ మొదటి రోజు నేను మాట్లాడకుండా దిగిపోయుంటే మళ్లీ కొండెక్కేదాన్ని కాదు. ఇప్పుడు నీలమ్మతో కలిపి మా గుంపులో ఆడవాళ్లం ముగ్గురం.

మీరూ వెళ్లాలనుకుంటే తూర్పుగాలి వీచే రోజు చూసుకోండి, గాలి మారితే విమానాలు ఇటు రావు. బైనాక్యులర్లు మాత్రం రెండు పట్టుకెళ్లండి. లక్ష్మి చేతికి వెళ్లినవి ఇంక తిరిగి రావు.