చేపల పెట్టె మూత

బోగోలు దాటిన షేర్ ఆటో గుంతలో పడి లేచేసరికి ఒక థర్మోకోల్ మూత నా మోకాళ్ళ మీదికి జారింది. ఒకటే చేపల వాసన. మూత తాలూకు మనిషి, కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే ఉంది.

"రొయ్యల బేరమా అమ్మా?" అన్నాను.

"కాదు పెద్దాయనా, పెళ్ళి ఫోటోలు. ఫ్లాష్ నేరుగా కొడితే మొహం సున్నం కొట్టిన గోడైపోద్ది. ఈ మూత మీదికి కొట్టినామంటే తిరిగొచ్చే వెలుగు మెత్తంగా పడతాది."

వెన్నెల సంగతీ అంతే కదా. చంద్రుడనే మూతకు తగిలి మెత్తబడిన ఎండే అది. ఆ మాటే అంటే, "ఆ మూతకి వాసన ఉండదులే" అని నవ్వింది. పేరు రెజీనా. ఊళ్ళు తిరిగేవాడికి తొందరేముంది? ఆమెతో పాటే రేవు దగ్గరి చర్చి ముందు దిగాను.

పెళ్ళికూతురు అబిగయీలు నల్లని పిల్ల. నిశ్చితార్థం ఫోటోల్లో పట్నం స్టూడియోవాళ్ళు ఆమెను తెల్లగా దిద్దారట. "ఫోటోలో పిల్ల ఏదీ?" అని అప్పటినుంచీ పెళ్ళికొడుకు వైపువాళ్ళ ఎగతాళి. ఈసారి తన మొహం తనలాగే రావాలని, పట్టుబట్టి రెజీనాను పిలిపించుకుంది.

చర్చి పైకప్పుకు కొత్తగా ఆకాశం రంగు వేసి చుక్కలు అద్దారు. ఫ్లాష్ పైకి కొడితే ఆ రంగు తగిలి పెళ్ళివారంతా నీలమే. రెజీనా మూతను కిటికీ ఊచకు కట్టి, ఫ్లాష్‌ను దానివైపు తిప్పింది.

పెళ్ళికొడుకు చిన్నాన్న రూఫస్ ఊరుకోలేదు. "దేవుని మందిరంలో చేపల మూతా? తీసెయ్! ఎదురుగా కొట్టు, పిల్ల కాస్త తెల్లంగా రావాల."

"ప్రభువు మొదట పిలిచింది చేపలోళ్ళనే కదన్నా. ఆయనకి రాని కంపు నీకెట్టొచ్చింది?" అంది రెజీనా.

వెనక వరుసలో ఆడవాళ్ళు నవ్వుకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"అట్టయితే కెమెరా సర్దుకో. ఈ వాడలో ఇంకో పెళ్ళికి నిన్ను రానీను."

రెజీనా చేయి ఆగింది. ఈ తీరంలో పెళ్ళిళ్ళే ఆమెకు కూడు. అంతలో, అప్పటిదాకా తలొంచుకుని ఉన్న అబిగయీలు లేచి మూతవైపు తిరిగి నిలబడింది. మొహాన పూసిన పౌడరును తెల్లచీర కొంగుతో తుడిచేసింది.

"ఫోటో తియ్యక్కా."

తీసింది. రూఫస్ అరుస్తుండగానే మళ్ళీ తీసింది.

కెమెరా తెర మీద నల్లని మొహం, ముసుగు అంచున దారపు కుట్టుతో సహా. అబిగయీలు చాలాసేపు చూసి, "నేనే" అంది.

"మరెవురనుకున్నావు?" అంది రెజీనా.

బయట బిర్యానీ వడ్డిస్తున్నారు. మా ఊరి పాత స్టూడియోలో కిటికీకి నూనె కాగితం అంటించి ఎండను వడగట్టేవారని నేను రెజీనాకు చెప్పడం మొదలుపెట్టాను. పక్కకు చూస్తే మనిషి లేదు. చంకలో మూతతో ఇసుక దారిలో పోతోంది. గుమ్మంలో రూఫస్ నిలబడి చూస్తున్నాడని తెలుసేమో, ఆ మూతను తీసి, అందరికీ కనబడేట్టు, నెత్తిన పెట్టుకుంది.