అత్తమ్మ తోమిన లాంతరు

పాత దీపాలు వెతికి ఆన్‌లైన్లో అమ్ముతుంటాను. పోయిన ఎండాకాలం మిర్యాలగూడ పాత సామాన్ల దుకాణంలో నల్లబడిన ఇత్తడి లాంతరు దొరికింది. ఆ నలుపు చూసే పాతదని నమ్ముతారు కనుక తుడవలేదు. ఫొటో నచ్చిన హైదరాబాదు ఆవిడ వీడియో కాల్‌లో చూపించమంది.

సూర్యాపేటలో మా ఇంట్లో ఫోన్ అటు తిప్పితే, లాంతరు తళతళ మెరుస్తోంది!

"గంత నల్లగున్నదాన్ని మంది ఇంటికి పంపుతవా? చింతపండుతో తోమిన," అంది మా అత్తమ్మ మురిసిపోతూ.

"కొత్తది అంటగడుతున్నారా?" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

మోసగత్తెనన్న మాట పడి ఊరుకోలేను. మళ్లీ చేసి అత్తమ్మకే ఫోన్ ఇచ్చాను.

"నా కోడల్ని ఏమనకు బిడ్డా, తోమింది నేనే. లోపల సూడు, ఇంకా నల్లగనే ఉన్నది. గాడికి నా చెయ్యి పోలే."

ఆవిడ నవ్వి, కొనేసింది.

ఇప్పుడు సరుకు ఇంటికి రాగానే ముందు చింతపండు దాచేస్తాను.