పిన్ని వాయించని పాట

మా చిలకలపూడి పిన్ని పోయింది. మొన్న మంగళవారం పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "రాత్రి బాగానే పడుకుందండీ, తెల్లారి లేవలేదు. ఎప్పుడూ మీ ఊసే ఎత్తేది, మీకు చెప్పకపోతే బాగుండదని చేశాను" అంది.

పిన్ని నాకు చుట్టం కాదు. పదేళ్ళ కిందట ఒక వేసవిలో పదిహేను రోజులు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయడం తేలికే. కానీ ఆవిడకి నేను చేసిన పని దాచిపెట్టి రాస్తే అది రెండో తప్పవుతుంది.

అప్పట్లో అవనిగడ్డలో ఒక గిటార్ మాస్టారు, సెలవులకి ఖాళీ అయిన హాస్టల్ ఒకటి తీసుకుని వేసవి శిక్షణ పెట్టారు. తిండీ పడకా అక్కడే. బాగా వచ్చినవాళ్ళూ, అసలు రానివాళ్ళూ, పిల్లలూ, పెద్దలూ ఎవరైనా చేరొచ్చన్నారు. నేను గుడివాడ నుంచి వెళ్ళాను. డిగ్రీ చదువుతున్నాను, అప్పటికే నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్నాను. అందరిలోకీ నాకే బాగా వచ్చని మొదటి రోజే తేలిపోయింది. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా నేనూ చూసుకున్నాను.

నా గదిలోకి వచ్చినావిడకి యాభై దాటాయి. ఒక చేతిలో కొత్తావకాయ జాడీ, ఇంకో చేతిలో బట్టల సంచీ. రోల్డ్ గోల్డ్ నగలకి రాళ్ళు అతికే పని తనది.

"మనవడో మనవరాలో నేర్చుకుంటున్నారా అండీ?" అనడిగాను.

"కాదమ్మా, నేనే" అంది సిగ్గుపడుతూ. "పని చేసుకుంటూ రోజంతా రేడియో వింటాం కదా. పాట మధ్యలో ఒక వాయిద్యం వస్తుంది, గుండె పట్టి గిల్లినట్టుంటుంది. అదేంటని ఎవర్నడిగినా చెప్పలేదు. పోయినేడు మా అల్లుడు చెప్పాడు, గిటారని. పేరు తెలిశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు."

మాస్టారు వాయించడం వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ జతలు కట్టారు. చివరి రోజు సభలో ప్రతి జతా కలిసి ఒక పాట వాయించాలి. నా జత పిన్ని.

మొదటి వారంలో అందరి వేలికొసలూ బొబ్బలెక్కాయి. పిన్నివి ఎక్కలేదు. "నా వేళ్ళు రాళ్ళ పనిలో ఎప్పుడో కాలి కాలి గట్టిపడ్డాయిలే" అని నవ్వేది. కానీ అవి చాచుకునేవి కావు. మా పాటలో ఆవిడకి మూడే మూడు కార్డ్స్, అంటే మూడు చోట్ల వేళ్ళు పట్టి తీగలు మీటాలి, అంతే. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి వచ్చేలోపు పాట ముందుకెళ్ళిపోయేది. నేను విసుక్కునేదాన్ని.

"కోప్పడకమ్మా. రాయి సరిగ్గా కూచోకపోతే నొక్కకూడదు, తీసి మళ్ళీ పెట్టాలి" అనేది.

మధ్యాహ్నం కరెంటు పోయి అందరం వరండాలో చాపలేసుకుని పడుకుంటే, తను మాత్రం గోడవైపు తిరిగి కూచుని ఆ మూడు పట్లే పట్టేది. నాకు వడదెబ్బ తగిలిన రోజు ఉప్పేసిన మజ్జిగ గంటగంటకీ తాగిస్తూ నా మంచం పక్కనే ఉండిపోయింది. పదిహేను రోజుల్లో ఆవిడ పోగొట్టుకున్న క్లాసు అదొక్కటే.

సభ ఇంకో రెండు రోజులుందనగా, విజయవాడలో ఆర్కెస్ట్రా నడిపే ఆయనొకరు చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. గిటార్ వాయించేవాళ్ళ కోసం వెతుకుతున్నారట. నాకు ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. పిన్ని ఎక్కడ తడబడుతుందో, నేనెక్కడ ఆగి ఆవిడ కోసం ఎదురుచూడాల్సి వస్తుందో, అదే ఆలోచన.

సభ రోజు మధ్యాహ్నం పిన్ని చీర ఇస్త్రీ చేసుకుంటోంది.

"పిన్నీ, మిమ్మల్ని ఈసారికి వద్దన్నారు మాస్టారు. వేళ్ళింకా తిరగట్లేదన్నారు" అన్నాను. నా గొంతు కొంచెం కూడా వణకలేదు.

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "అలా అన్నారా?" అంది. చీర మడత సరిచేస్తూ, "ఆయనకి తెలీనిదేముంది. నువ్వు బాగా వాయించమ్మా" అంది. ఆ చీరే కట్టుకుని వచ్చి మూడో వరసలో కూచుంది.

మా వంతు వచ్చింది. ఒక్కదాన్నే వేదికెక్కాను. మాస్టారు మైకులోనే అడిగారు. "ఏమ్మా, నీ జతేరీ?"

నేను తీగలు సవరించుకుంటున్నట్టు నటించాను. పిన్ని నావైపు చూసింది. ఒక్క క్షణం. సంగతంతా ఆవిడకి తెలిసిపోయిందని నాకూ తెలిసిపోయింది. లేచి నిలబడింది.

"నేనే వద్దనుకున్నానండీ. పొద్దుట్నుంచీ చెయ్యి ఒకటే పీకుతోంది. పాపని ఒక్కదాన్నే వాయించనివ్వండి."

వాయించాను. బాగా వాయించాను కూడా. ఆర్కెస్ట్రా ఆయన నా అడ్రసు రాసుకున్నారు. ఇవాళ నేను నలుగురికి గిటార్ నేర్పి బతుకుతున్నానంటే దానికి మొదలు ఆ సాయంత్రమే.

పిన్ని నన్నొక్క మాట అనలేదు. మర్నాడు బస్టాండులో మిగిలిన ఆవకాయ నాకో సీసాలో సర్ది ఇచ్చి, చిలకలపూడి వెళ్ళడానికి బందరు బస్సెక్కింది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

తర్వాత ఒకసారి బందరులో ఒక పెళ్ళిలో మా ఆర్కెస్ట్రా కచేరీకి వచ్చింది. "మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం" అని పక్కవాళ్ళకి గొప్పగా చెబుతోంది. ఇవాళ చెప్పేద్దామనుకుని దగ్గరికెళ్ళాను. "పిన్నీ, ఆ రోజు..." అన్నాను. "ముందు భోంచేశావా లేదా?" అంది. నేను ఆ ప్రశ్న చాటున దాక్కున్నాను. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

కబురు తెలిశాక చిలకలపూడి వెళ్ళాను. వాళ్ళమ్మాయి నన్ను కూచోబెట్టి, "చివరి రోజు చెయ్యి నొప్పొచ్చి మీతో వాయించలేకపోయిందట కదా, అమ్మ చెప్పేది" అంది.

కన్నకూతురి దగ్గర కూడా నన్ను బయటపెట్టలేదు. ఇక ఆగలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆ అమ్మాయి ఇంటి వెనక గది వైపు చూసింది.

"అవనిగడ్డ నుంచి వచ్చాక సొంతంగా గిటార్ కొనుక్కుందండీ. రోజూ పనయ్యాక వెనక గదిలో వాయించుకునేది. మేం వింటున్నామని తెలిస్తే చాలు, ఆపేసేది. ఒక్కసారి మా ముందు వాయించమ్మా అంటే, 'వేళ్ళింకా తిరగట్లేదే' అనేది."

నేను అబద్ధమాడానని పిన్నికి తెలుసు. నన్ను క్షమించింది కూడా. కానీ ఆ అబద్ధంలోని మాటని మాత్రం బతికినన్నాళ్ళూ నిజమనే నమ్మింది.

ఆ అమ్మాయి లోపలికెళ్ళి గిటార్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తీగల కింద చెక్క చాలామటుకు కొన్ననాటి నల్లటి నిగనిగతోనే ఉంది. మూడు చోట్ల మాత్రం, వేలికొసలంత మేర, రంగంతా అరిగిపోయి లోపలి తెల్ల చెక్క బయటపడి ఉంది.