అమ్మ ఊపిరి కోసం కొన్న జనరేటర్

అమ్మ ఊపిరితిత్తులు మొరాయించాక ఇంటికి ఆక్సిజన్ మిషన్ తెచ్చుకున్నాం. అది కరెంటుతో నడుస్తుంది. మా మల్కాజ్‌గిరిలో నాలుగు చినుకులు పడితే కరెంటు సెలవు పెడుతుంది. అందుకని, తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న పెట్రోలు జనరేటర్ ఒకటి కొన్నాను. దానికి చక్రాలున్నాయి, ఎక్కడికైనా లాక్కెళ్లొచ్చు. ఆ సౌకర్యమే కొంప ముంచింది.

మా చర్చివాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు ఒక్కో ఇంట్లో ప్రార్థన కూటం పెడతారు. మధ్యలో మైకు ఆగకూడదని సంఘపెద్ద మొదటిసారి జనరేటర్ అడిగినప్పుడు నేను నసిగాను. అమ్మ ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంటూ, "దేవుని పనికి లేదంటామా?" అంది. లేదనలేదు. అప్పట్నుంచి కూటాలకి నాకంటే అదే క్రమంగా వెళ్తోంది.

ఆ ఆదివారం అది బోయిన్‌పల్లిలో ఉంది. మూడింటికి గాలివాన మొదలై కరెంటు పోయింది. మిషన్ ఒకసారి కీచుమని ఊరుకుంది. విడిగా ఒక సిలిండర్ ఉంచుకోవాలన్న తెలివి నాకు సరిగ్గా అప్పుడే వచ్చింది.

ఆక్సిజన్ చూసే క్లిప్పు అమ్మ వేలికి పెట్టాను. తొంభై. మా ఆవిడ అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. దారిలో చెట్టు పడిందట, చుట్టూ తిరిగి రావాలట. నేను సంఘపెద్దకి చేశాను. ఎత్తలేదు. ప్రార్థనలో ఫోన్లు సైలెంట్‌లో పెట్టాలని పోయిన వారమే ప్రకటించారు. ఆ ప్రకటన చదివింది నేనే.

ఎనభై ఏడు. విసనకర్ర అందుకున్నాను. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, విసిరినంత మాత్రాన ఆక్సిజన్ పెరగదని తెలుసు. విసురుతూనే ఉన్నాను.

పదకొండోసారికి ఎత్తారు. వెనకాల మా జనరేటర్ చప్పుడు. మంచి కండిషన్లోనే ఉంది.

"అంకుల్, ఇక్కడ కరెంటు పోయింది, అమ్మకి..."

"జెర లైన్లనే ఉండు బ్రదర్," అన్నారాయన గుసగుసగా. "అమ్మగారి ఊపిరి కోసమే ప్రార్థన షురూ అయింది. నడిమిట్ల మైకు బంద్ జేస్తే ఏం బాగుంటది? అయిపోంగనే నేనే తెస్త."

అరవాల్సింది. "సరే అంకుల్" అన్నాను.

స్పీకర్ పెట్టమని అమ్మ సైగ చేసింది. మైకులో తన పేరు విని కళ్లు మూసుకుంది. పెదాలు నీలంగా మారుతున్నాయి. ఎనభై నాలుగు. "ఆమెన్" అనడానికి ఊపిరి చాలక తలాడించింది.

ఇంతలో ఫ్యాను కదిలింది. మిషన్ గురగురమంది.

"కరెంటొచ్చింది అంకుల్."

"స్తోత్రం! చూసినవా బ్రదర్!" ఆ సంగతి మైకులో చెప్పేశారు కూడా. అటువైపు చప్పట్లు. "ఇగ పరేషాన్ లేదు గద. అయిదింటికి తిరుమలగిరిల ఇంకో కూటముంది. ఆడ సుత అమ్మగారి కోసమే. అయినంక తెస్త."

కిటికీ బయట మబ్బు ఇంకా నల్లగానే ఉంది. అంబులెన్స్ ఇంకా రాలేదు. వద్దు, ఇప్పుడే తెండి అనబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మాట్లాడే ఓపిక వచ్చాక ఆమె అన్న మొదటి మాట, "వెళ్లనీరా."

వెళ్లనిచ్చాను. క్లిప్పులో అంకె మెల్లగా పైకి ఎక్కుతుంటే, నేను మబ్బుకేసి చూస్తూ కూర్చున్నాను.