రెండు కాళ్ళకు మూడు చెప్పులు

నా చిన్నప్పుడే డైరీ రాయడం అలవాటైంది. పదేళ్ళ వయసులో రాసిన ఒక పేజీ ఇలా మొదలవుతుంది: "1974 మే నెల, ఆదివారం. ఉన్నవాళ్ళు: అమ్మ, మేనత్త, నేను. పెరటి వాటాలో తాతయ్య. ఎదురింటి బొమ్మ. దాని చెప్పు ఒకటి." ఆ "ఒకటి" అన్న మాటను ఎంత గట్టిగా నొక్కి రాశానంటే కాగితం అక్కడ చిరిగింది. ఇప్పుడు చూసినా ఆ విసుగు వేలికి తగులుతుంది.

బొమ్మ ఎదురింటి నర్సమ్మ గారి అమ్మాయిది. ఓడలో పనిచేసే వాళ్ళ మామయ్య సింగపూర్ నుంచి తెచ్చాడు. మా వీధి పిల్లల బొమ్మలన్నీ పాలబుగ్గలతో చంటిపిల్లల్లా ఉండేవి. ఇది పెద్దమ్మాయి. అడుగు పొడుగు, సన్నటి నడుము, పసుపుపచ్చ జుట్టు, కాళ్ళకు గోరంత ఎర్రటి ఎత్తు మడమల చెప్పులు. దాని సరంజామా అంతా మేమే తయారుచేసేవాళ్ళం. అగ్గిపెట్టె సూట్‌కేసు అయ్యేది, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం వడ్డాణం అయ్యేది. నేను కొలిచి, గీసి, అప్పుడు కత్తిరించేదాన్ని కాబట్టి నా పని నీటుగా ఉంటుందని పేరు. అందుకే ఆ అమ్మాయి శనివారం సాయంత్రం బొమ్మను నా చేతికిచ్చి, చీర మీదికి జాకెట్టు కుట్టిపెట్టమంది. సోమవారం పొద్దున్నే వాళ్ళు బందరు వెళుతున్నారు. అక్కడి పిల్లలందరికీ బొమ్మను చూపించాలి.

ఆదివారం మా ఇంట్లో ఆవకాయ పెట్టారు. వరండాలో మేనత్త కాయలు కొడుతుంటే అమ్మ మడి కట్టుకుని పెద్ద బేసిన్లో కారం, ఆవపిండి కలుపుతోంది. నేను బొమ్మను చంకన పెట్టుకుని దారం కోసం ఒకసారి, కత్తెర కోసం ఒకసారి వాళ్ళ మధ్య నుంచి తిరిగాను. "ఏమే, కోడిపిల్లలా కాళ్ళకడ్డం పడతావు!" అని అమ్మ కసిరింది. అరుగు మీదికొచ్చి చూస్తే బొమ్మ ఎడమ కాలికి చెప్పు లేదు.

వెతికిన చోట్లన్నీ రాసుకున్నాను. అరుగు, మెట్లు, తూము, చాప కింద, నా గౌను జేబు మూడుసార్లు. వెతకనిది బేసిన్ ఒక్కటే. ఎర్రటి కారంలో ఎర్రటి చెప్పు. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. గోరంతదైనా అది కాళ్ళకు తొడిగేదే. ఏడాది ఆవకాయ మొత్తం ఏలూరు కాలవ పాలవుతుంది, దాని వెనకే నేనూ వెళతాను. నోరు మూసుకున్నాను. ఆ ఏడాది పొడుగునా ప్రతి ముక్కనూ తిప్పి చూసుకుని తిన్నాను. ఏమీ దొరకలేదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. కుడి చెప్పును చూసి అచ్చం అలాంటిదే ఎడమ చెప్పు చేసి, ఏమీ జరగనట్టు బొమ్మను అప్పగించడం. రబ్బరు చెక్కాను, పిండిలా రాలిపోయింది. కొవ్వొత్తి మైనం మలిచాను, ఆ ఎండకు మడమ వంగి కూలబడింది. లక్కతో చేస్తే బొమ్మ కాలికి వాత పడబోయింది. మధ్యాహ్నం అన్నాల వేళకి నా దగ్గర ఏడు పాడైన చెప్పులు పోగయ్యాయి. ఏడూ ఎడమవే.

అప్పుడు పెరటి వాటాలోని తాతయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన మాకు చుట్టం కాదు. చాలా ఏళ్ళు కొండపల్లిలో బొమ్మలు చేసి, చూపు మందగించాక కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నాడు. సంగతంతా చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, కుడి చెప్పు ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కళ్ళకు ఆనించుకుని తిప్పి తిప్పి చూశాడు. మంచినీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చేసరికి ఆయన చేతిలో ఏమీ లేదు.

"ఇక్కడే పెట్టానే అమ్మడూ! నీకు పోయినట్టే నాకూ పోయింది."

చాప దులిపాను. మంచం కింద దూరాను. ఆయన తాపీగా తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. కోపం పట్టలేక ఏడుపొచ్చింది. ఒక చెప్పు పోతే ఎలాగో సర్దుకోవచ్చు, రెండూ పోతే ఏం చేసేది?

"ఏడిస్తే కాళ్ళకి చెప్పులు మొలుస్తాయా? కాలిటివ్వు. నీది కాదే పిచ్చిదానా, దానిది."

బొమ్మ పాదాన్ని అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. మడమ పైకి, వేళ్ళు కిందికి, అటక మీది డబ్బా అందుకోబోతున్న మనిషి పాదంలా ఉంది. పొద్దుటి నుంచీ నేను కొలిచిందంతా చెప్పునే. ఆయన చింతపిక్కల జిగురు, రంపపు పొట్టు కలిపి ముద్ద చేశాడు. కొండపల్లిలో బొమ్మలకు చేతులూ కాళ్ళూ అతికేది దానితోనే. బొమ్మ రెండు అరికాళ్ళకూ కొబ్బరినూనె రాసి ఆ ముద్దలో నన్నే అద్దమన్నాడు. అచ్చు ఆరాక కింద తేలిక చెక్క ముక్క అతికి, ఉప్పు కాగితంతో నన్నే రుద్దమన్నాడు. తాను మాత్రం వేలితో తడిమి చూసి తీర్పులు చెప్పేవాడు.

"బావుంది. తీసెయ్."

"బావుంటే ఎందుకు తాతయ్యా తియ్యడం?"

"నాకు బావుంది. దానికి వదులుగా ఉంది."

మూడుసార్లు తీయించాడు. నాలుగోసారి కుదిరినట్టనిపించి కుంకుమరంగు వేయబోతే, మడమలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని మళ్ళీ రుద్దించాడు. నా వేళ్ళు మండిపోయాయి. మనసులో ఆయన్ను ఏమేమి తిట్టానో డైరీలో ఉంది, ఇక్కడ రాయను. దీపాలు పెట్టే వేళకు రిబ్బను పట్టీలు అంటించి బొమ్మకు తొడిగాం. చేయి తీశాను. సింగపూర్ చెప్పులతో ఎప్పుడూ గోడకు చేరగిలబడే బొమ్మ, ఎవరూ పట్టుకోకుండా తిన్నగా నిలబడింది. ఆయన "ఊఁ" అన్నాడు. నేను మెచ్చుకోలు కోసం చాలాసేపు చూశాను. అంతకు మించి రాలేదు.

ఆ రాత్రి పడుకునేలోగా ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. పాతవి మా ఇంట్లో భద్రంగా ఉన్నాయని, ముచ్చటపడి కొత్త జత చేశానని చెప్పాలి. ఎక్కడా అతుకు కనపడదు. బందరు నుంచి వచ్చేలోగా సంగతి పాతబడిపోతుంది.

మర్నాడు పొద్దున్నే కొత్త జాకెట్టు తొడిగిన బొమ్మతో గేటు దాకా వచ్చేసరికి తాతయ్య వెనక నుంచి పిలిచాడు. తమలపాకుల పెట్టె తెరిచి, అడుగు నుంచి ఎర్రటి కుడి చెప్పు తీసి నా అరచేతిలో పెట్టాడు.

"మీరే దాచారా! నిన్ననే ఇస్తే ఒక్కటి చేస్తే సరిపోయేదిగా!"

"సరిపోయేది. చేసి, చేతులు దులుపుకుని ఊరుకునేదానివి. ఇది వాళ్ళదేగా, ఇచ్చెయ్యి."

ఒళ్ళు మండిపోయింది. ఆ గోరంత చెప్పు నా అబద్ధాన్ని మొత్తం పాడుచేసింది. రెండు కొత్తవి ఇస్తే ఏదో చెప్పొచ్చు. రెండు కొత్తవి, ఒక పాతది ఇస్తే రెండో పాతది ఏదని అడగరూ? ఆయన్ను తిట్టుకుంటూనే వీధి దాటాను. గుమ్మంలోకి ఆ అమ్మాయే వచ్చింది. అరచెయ్యి చాచాను. మూడింటినీ చూసి ఆమె నావైపు చూసింది. ఇక చెప్పక తప్పలేదు. పోగొట్టానని, ఎక్కడ పోయిందో తెలియదని, ఇవి నేనే చేశానని మూడు ముక్కల్లో చెప్పాను. ఆమె ఏడ్చింది. బొమ్మను, మూడు చెప్పులను లాక్కుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. రిక్షా వచ్చేదాకా నేను గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

రిక్షా ఎక్కేటప్పుడు కూడా నావైపు చూడలేదు. ఒళ్ళో బొమ్మ నా చెప్పులే తొడుక్కుని ఉంది. రిక్షా నాలుగు అడుగులు కదిలాక ఆమె తల బయటికి పెట్టి అరిచింది: "నేనొచ్చేసరికి దానికో హ్యాండ్‌బ్యాగు చేసి ఉంచవే! అదైతే జత అక్కర్లేదు, నీకు అదే నయం!"

తరవాత ముప్పై ఏళ్ళకు పైగా ఆఫీసులో కాలవల పటాలకు నకళ్ళు గీశాను. గీతలు తప్పిన రోజులున్నాయి, చక్కగా కప్పిపుచ్చే వీలున్న రోజులూ ఉన్నాయి. పై అధికారి గది ముందు నిలబడి ఏదో ఒకటి అల్లుకుంటూ ఉండగానే నా అరచెయ్యి దానంతటదే తెరుచుకునేది. అది తెరుచుకున్నాక నోరు ఒక్కటే మూసుకుని ఉండలేదు. ఇంట్లో ఇప్పటికీ అంతే. ఎన్ని చిక్కుల్లో పడ్డానో లెక్క లేదు. తాతయ్య మీద ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.