మంచు ఆరకముందు చేరాల్సిన కల్లానికి పది దాటాక వెళ్లాం

మిరప కల్లం చూడాలనుకునేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాయకపోతే దీనివల్ల ఎవరికీ ప్రయోజనం ఉండదు.

మా మనవరాలు దీక్షిత డిగ్రీ రెండో సంవత్సరం. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లోనే ఉండి చదువుకుంటూ, ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్చుకుంటోంది. ఒక మనిషి రోజూ చేసే పనులను వరుసగా చెబుతూ రెండు నిమిషాల వీడియో చేయమని వాళ్ల టీచరు చెప్పింది. మొదట, తరవాత, అంతకుముందు, రోజూ, చివరికి వంటి మాటలు కనీసం ఎనిమిది రావాలి. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా చేసినదాన్ని, ఊరుకోలేక ఆ మాటలన్నీ, పాఠాల్లోని చిన్న చిన్న వాక్యాలతో సహా, నేనూ నోటుబుక్కులో రాసుకుని దానిచేత ఒప్పజెప్పించుకున్నాను. ప్రిమేరో అంటే మొదట, లుయేగో అంటే తరవాత, ఆంతెస్ అంటే ముందు. అలా నాకూ వచ్చేశాయి.

"నీ రోజు గురించే చెప్పేయొచ్చుగా" అన్నాను.

"నా రోజులో ఏముంది అమ్మమ్మా? లేస్తాను, ఫోను చూస్తాను, తిట్లు తింటాను."

అప్పుడు మరియమ్మ గుర్తొచ్చింది. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు ప్రత్తిపాడు అవతల ఎకరం కౌలుకు తీసుకుని మిర్చి వేస్తోంది. ఫోను చేస్తే ఎంతో సంబరపడింది. "రండి టీచరుగారూ! పొద్దున్నే, మంచు ఆరకముందు రండి. కాయలు పోసి బస్తాలు తొక్కేది అప్పుడే" అంది. ఎన్నింటికని అడిగాను. "అదేనండీ, మంచు ఆరకముందు" అని మళ్లీ అదే చెప్పింది. అదీ ఒక టైమేనా అనుకున్నాను. నాకు వీలైన వేళ చూసుకుని, డైరీలో పది గంటలని నేనే రాసుకున్నాను.

ఆ ఫిబ్రవరి ఉదయం దీక్షిత ఐదింటికే తయారై, బూట్లు కూడా వేసుకుని హాల్లో కూర్చుంది. ఐదున్నరకు బస్సు ఉందని రెండుసార్లు చెప్పింది. "స్నానం, కాఫీ, పేపరు అయ్యాకే నేను గడప దాటేది. నలభై ఏళ్ల అలవాటు నీ వీడియో కోసం మార్చుకోను" అన్నాను. ఎనిమిదీ ఇరవైకి బయలుదేరాం. బస్టాండుకు ఆటో అరవై రూపాయలు. ఎనిమిదీ యాభైకి పల్లెవెలుగు బస్సు దొరికింది. ఆడవాళ్లకు ఉచితమే కనుక సున్నా టికెట్టు ఇస్తారు, ఆధార్ కార్డు మాత్రం దగ్గరుండాలి. తొమ్మిదీ ముప్పై ఐదుకు ప్రత్తిపాడులో దిగాం. అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి ఇరవై.

"కల్లాలకా అమ్మా, ఇప్పుడా?" అని ఆటో అబ్బాయి అద్దంలోంచి చూశాడు. "పని అయిపోయి కూడు తింటుంటారు."

"నువ్వు రోడ్డు చూసి నడుపు బాబూ" అన్నాను.

కల్లం చేరేసరికి పదీ ఐదు. టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా పరచిన కాయలు, వాటి మీంచి లేచే ఘాటు. దీక్షితకు వరసగా తుమ్ములు. ఒక పక్కన కుట్టేసిన బస్తాలు ఎనిమిది నిలబెట్టి ఉన్నాయి. ఇంకో పక్కన ఏరిన కాయల కుప్ప ఒకటి. తొలి కోత కాయ, మంచి రంగు. మర్నాడు తెల్లారి మంచులో దాన్నీ బస్తాకెత్తి, మిగతావాటితో గుంటూరు మిర్చి యార్డుకు పంపాలని ఉంచుకున్నారు. మరియమ్మ చెయ్యి కడుక్కుని పరుగెత్తుకొచ్చింది. "ఇంత పొద్దెక్కి వచ్చారేంటండీ! నాలుగింటి నుంచి మీ కోసం చూస్తానే ఉన్నాం."

బస్తా తొక్కడం ఒక్కటే వీడియోకు కావలసింది. నేను కుప్ప వైపు చూపించి, అది ఇప్పుడు తొక్కి చూపించమన్నాను.

మరియమ్మ నవ్వు ఆగింది. "ఇప్పుడొద్దండీ. మంచు పదునుంటేనే కాయ విరగదు. ఎండెక్కింది, పెళుసుగా ఉంది."

"ఒక్క బస్తాయే కదమ్మా. పిల్లకు పరీక్ష" అన్నాను. క్లాసులో వాడిన గొంతే అది. నాకు అప్పుడే తెలుసు.

"వద్దులే అమ్మమ్మా" అని దీక్షిత నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను.

మరియమ్మ గోనె సంచిలో దిగింది. ఆమె బావగారు ఏసోబు తట్టతో కాయలు పోస్తుంటే, సంచి అంచు పట్టుకుని తొక్కింది. కాళ్ల కింద కరకరమని చప్పుడు. తెల్లారి తొక్కేటప్పుడు ఆ చప్పుడు రాదట. సంచి నేత సందుల్లోంచి పసుపురంగు గింజలు రాలి పట్టా మీద పడుతున్నాయి.

"ఏంటే మరియమ్మా, కాయ తొక్కుతున్నావా, కారం కొడుతున్నావా?" అన్నాడు ఏసోబు.

"ఊరుకో బావా. మా టీచరుగారు చెప్పారు" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఆ మాటకు నేను నేల చూశాను. నేల మీద గింజలున్నాయి. బస్తా విప్పి చూస్తే సగానికి పైగా ముక్కలు. యార్డుకు పంపే సరుకు కాదది. ధర ఇస్తానంటే, "మీ దగ్గర తీసుకుంటానా టీచరుగారూ, ఇంట్లో వాడుకుంటాంలెండి" అని మాకు కోడికూర, అన్నం పెట్టింది.

తిరుగు బస్సులో, కల్లంలో తీసిన వీడియోకు దీక్షిత ఫోనులో స్పానిష్ మాటలు రికార్డు చేసింది. తప్పులు పట్టడానికి నోటుబుక్కు తెరిచాను. ప్రతి మాటా అర్థమైంది. మరియమ్మ రోజూ సూర్యుడు రాకముందు బస్తాలు నింపుతుంది. ఈరోజు, మొదట మా అమ్మమ్మ స్నానం చేస్తుంది. తరవాత కాఫీ తాగుతుంది. ఆ తరవాత పేపరు చదువుతుంది. పది గంటలకు మేము చేరుకుంటాం. చివరికి మరియమ్మ ఎండలో బస్తా నింపుతుంది, ఎందుకంటే మా అమ్మమ్మ ఆమె టీచరు.

"తప్పులేమైనా ఉన్నాయా అమ్మమ్మా?" అని అడిగింది. దాని గొంతులో ఎగతాళి లేదు.

తీసేయమని నోటి దాకా వచ్చింది. "ఒకటి ఉంది" అన్నాను. "పది కాదు. పదీ ఐదు." అది దిద్ది అలాగే పంపింది.

సాయంత్రం మరియమ్మకు ఫోను చేసి తప్పు నాదేనని చెప్పాను. ఆమె నవ్వేసింది. "నేను బడికి ఐదు నిమిషాలు ఆలస్యమైతే గోడకుర్చీ వేయించేవారు, గుర్తుందా? ఇప్పుడు మీకెవరు వేస్తారండీ!" నాకు నవ్వు రాలేదు. అప్పట్లో ఎందుకు ఆలస్యమైందో ఆ పిల్లను ఒక్కసారీ అడగలేదు. టైము పాటించడమంటే నా టైమును అందరూ పాటించడమనుకుని ఇన్నేళ్లు గడిపాను. గడియారం చూడకుండా ఆమె చెప్పిన వేళే సరైనది. నేను అంకె వేసి రాసుకున్నదే తప్పు.

వెళ్లేవారికి ఒక్క సలహా. కల్లం వాళ్లు మంచు ఆరకముందు రమ్మంటే ముందురోజు సాయంత్రమే ప్రత్తిపాడు చేరి, తెల్లవారుజామున నాలుగింటికల్లా కల్లంలో ఉండండి. అంతకన్నా ఆలస్యమైతే పరచిన కాయలు చూసి రండి. అయిపోయిన పని మళ్లీ చేసి చూపించమని మాత్రం అడగకండి. వాళ్లు కాదనలేరు.