ఆకుమడి దగ్గర తిన్న చీవాట్లు

ద్వారకా నగర్‌లో కాలేజీకి వెళ్ళే మా మనవరాలు మొన్న పొద్దున్నే సేవాయాత్ర అంటూ బయలుదేరి, మధ్యాహ్నం భోజనానికల్లా ఇంటికొచ్చేసింది. పద్మనాభం వైపు ఏదో ఊళ్ళో బడి గోడకు రంగు వేసి ఫోటోలు దిగారట. పోయినేడు సీనియర్లు రంగు వేసిందీ ఆ గోడకేనట. ఊళ్ళో ఎవరితోనైనా మాట్లాడావా అని అడిగితే, టైమెక్కడిది తాతయ్యా అంది. నాకు ఒళ్ళు మండింది.

మన రోజుల్లో ఈ కాలేజీ సేవా శిబిరాలు పదిహేను రోజులుండేవి, అక్కడికి వెళ్ళొస్తేనే కుర్రవాడు మనిషయ్యాడనేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. అలాగని మేం ఉద్ధరించిందీ పెద్దగా లేదు. ఆ వైపు ఊళ్ళోనే పొలాల మధ్య బాట వేస్తుంటే, గట్టులో పాతి, పసుపు పూసి బొట్టు పెట్టిన రాయి ఒకటి అడ్డొచ్చింది. ఒంటరిగా సాగు చేసుకునే ఒకామె పొలమది. తియ్యొద్దని ఆమె ఏదో చెప్పబోతే, రాళ్ళకు మొక్కడం ఎంత అజ్ఞానమో పావుగంట ఉపన్యసించి, దాన్ని గునపంతో పెకలించి, మిత్రుల చప్పట్ల మధ్య భోజనానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆమె నారు పోసుకున్న ఆకుమడిలో చుక్క నీరు లేదు. మడిలో నీరు పోకుండా తూముకు అడ్డం పెట్టిన రాయి అది. విత్తనం చల్లిన నాడు దానికి బొట్టు పెట్టడం అక్కడి ఆనవాయితీ. వానలు లేవు, కాలువ నీటిలో ఆమె వంతు మళ్ళీ ఎనిమిది రోజులకు గాని రాదు, ఇంకోసారి చల్లడానికి ఇంట్లో విత్తనం లేదు. ఆమె ఏడవలేదు.

“అది దేవుడని నానెప్పుడన్నాను బాబూ? తియ్యొద్దన్నానంతే. ఎందుకని ఒక్కసారైనా అడిగినావేటి?”

ప్రతిదానికీ ఋజువు చూపమని ఊరందరినీ నిలదీసిన నేను, ఆమెను ఆ ఒక్క మాటా అడగలేదు. ఆ ఎనిమిది రోజులూ బాట పని మానేసి, దూరపు బావి నుంచి బిందెలతో నీళ్ళు మోశాం. “దేవుణ్ణి పీకింది నువ్వు బావా, అభిషేకం మాకూనా” అని తడిసిన చొక్కాతో నా మిత్రుడు సణిగేవాడు. సగం నారే బతికింది. మిగతా సగం పొలం ఆ ఏడు ఆమె బీడు పెట్టుకుంది.

మనవరాలి మీద నా చిరాకు ఇంకా తగ్గలేదు, అయితే వాళ్ళు మనకన్నా తెలివితక్కువవాళ్ళని కాదు. నేను చేసిన తప్పు నా కళ్ళముందే ఎండింది, ఆమె ముఖం రోజూ చూడక తప్పింది కాదు. ఇప్పటి పిల్లలకు సర్టిఫికెట్లు ఇస్తున్నారు గాని, వాళ్ళను ఎదురుగా నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టే వ్యవధి మాత్రం ఆ ఊరివాళ్ళకు ఎవరూ ఇవ్వడం లేదు.